కారు ఆంప్లిఫయర్ వైరింగ్: బ్యాటరీ నుంచి డిక్కీ దాకా, బిగించడం, తీయడం

కారులో ఆంప్లిఫయర్ (ఆంప్) పెట్టించుకునేవాళ్ళ ధ్యాసంతా వూఫర్ మీదే ఉంటుంది. ఎన్ని అంగుళాలది, ఎన్ని వాట్లది, బాక్సు ఎంత పెద్దది అని అడుగుతారు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వచ్చే ఎర్ర వైరు ఎంత మందం, దానికి ఫ్యూజు ఎక్కడ పెట్టారు అని అడిగేవాళ్ళు తక్కువ. వూఫర్ నాసిరకందైతే పాట బాగుండదు, అంతే. వైరింగ్ నాసిరకందైతే కారే అంటుకోవచ్చు.

"12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా" అనేది మన దగ్గర బాగా వినిపించే మాట. షాక్ కొట్టదు, నిజమే. కానీ అదే బ్యాటరీ సెల్ఫ్ మోటారును తిప్పడానికి వందల ఆంపియర్లు ఇస్తుంది. ఎర్ర వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలిందంటే ఆ వందల ఆంపియర్లూ ఆ వైరులోనే పోతాయి. రాగి ఎర్రగా కాలుతుంది, పైనున్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. ఆ వైరు వెళ్ళేది సీట్ల కింద, కార్పెట్ కింద.

ఇక్కడ చెప్పేదంతా మామూలు 12 వోల్టుల పెట్రోల్, డీజిల్ కార్లకు. ఎలక్ట్రిక్ కారైనా, స్ట్రాంగ్ హైబ్రిడ్ అయినా నారింజ రంగు కేబుళ్ళ జోలికి అసలు పోవద్దు. ఆ కార్ల పని తెలిసిన చోటే చేయించుకోండి.

ముందు లెక్క, తర్వాతే కొనడం

ఆంప్లిఫయర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 2000 వాట్లు, 3500 వాట్లు అని వేసి ఉంటుంది. దాన్ని పట్టించుకోవద్దు. లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల వాట్లు) అని ఉన్న అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 4 చానళ్ళ ఆంప్, ఒక్కో చానల్‌కు 50 వాట్లు అంటే మొత్తం 200 వాట్లు. ఆంప్ సర్క్యూట్‌లలో క్లాస్ ఏబీ, క్లాస్ డి అని రకాలుంటాయి. క్లాస్ ఏబీ ఆంప్ తీసుకున్న కరెంటులో సుమారు 60 శాతమే పాటగా మారుస్తుంది, మిగతాది వేడి. క్లాస్ డి అయితే 80 శాతం దాకా. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.8 అనుకుందాం. 200ను 0.6తో, తర్వాత 13.8తో భాగిస్తే 24 ఆంపియర్లు. 500 వాట్ల క్లాస్ డి మోనో (ఒకే చానల్) ఆంప్ అయితే 500ను 0.8తో, 13.8తో భాగిస్తే దగ్గర దగ్గర 45 ఆంపియర్లు.

ఇంకో సులువైన దారి ఉంది. ఆంప్ వెనక రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులు ఉంటే అది గరిష్ఠంగా లాగేది 60 ఆంపియర్లని అర్థం. 2000 వాట్లు అని రాసి వెనక ఒకే ఒక్క 25 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే ఆ 2000 సంగతి మీకే తెలిసిపోతుంది.

చిన్న పెట్రోల్ కార్లలో 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, నిలవ ఎంతో చెప్పే కొలత) బ్యాటరీ ఉండటం మామూలు. ఇంజిన్ ఆపేసి 500 వాట్ల సెటప్ గట్టిగా పెట్టుకుని కూర్చుంటే కాసేపటికే సెల్ఫ్ ఎత్తుకోదు. అమరాన్ బ్యాటరీలు తయారయ్యేది మన తిరుపతి పక్కనున్న కరకంబాడిలోనే, కొత్త బ్యాటరీ దొరకడం కష్టమేం కాదు. కానీ డైనమో ఇచ్చే కరెంటు పెరగకుండా బ్యాటరీ ఒక్కటే పెద్దది వేస్తే ఇంజిన్ ఆపి వినే సమయం పెరుగుతుంది, అంతకుమించి ఏమీ మారదు. చిన్న కారుకు 300 నుంచి 500 వాట్ల ఆర్‌ఎంఎస్ దాకా ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

వైరు కొనేటప్పుడు బ్లేడు దగ్గర పెట్టుకోండి

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కిట్లలో ఎర్ర వైరు వేలంత లావు కనిపిస్తుంది. చివర కొంచెం కోసి చూడండి. ప్లాస్టిక్కే మందంగా ఉండి, లోపల లోహం అగ్గిపుల్లంత ఉంటుంది. కోసిన చోట తీగపోగుల చివర తెల్లగా వెండిలా మెరిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. ఒక పోగును బ్లేడుతో గీకితే ఇంకా బాగా తెలుస్తుంది: పైపొర పోయి లోపల తెలుపు బయటపడుతుంది. అసలు రాగి ఎక్కడ గీకినా ఎర్రగానే ఉంటుంది. రాగిపూత వైరు పనికిరాదని కాదు. అదే మందం గల రాగి వైరు మోసే కరెంటులో సుమారు మూడింట రెండు వంతులే మోస్తుంది కాబట్టి ఒక సైజు పెద్దది వాడాలి. దాని చివరలు తేమ తగిలితే త్వరగా తుప్పు పడతాయి కూడా.

సైజుల విషయానికొస్తే, గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 8 గేజ్ అంటే సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు, 4 గేజ్ అంటే సుమారు 21. 45 ఆంపియర్లు లాగే ఆంప్‌కు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల రాగి వైరు వేశారనుకోండి. 8 గేజ్‌లో దారిలోనే 0.46 వోల్టు పోతుంది, 4 గేజ్‌లో 0.18. ఎర్త్ వైపు, అంటే కరెంటు ఆంప్ నుంచి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో, పోయేది దీనికి అదనం. అందుకే 200 వాట్ల 4 చానల్ ఆంప్‌కు 8 గేజ్ చాలు, 500 వాట్ల మోనోకు 4 గేజ్ వేయండి.

ఇంటి వైరింగ్‌కు తెచ్చి మిగిలిపోయిన 4 చదరపు మిల్లీమీటర్ల చుట్ట ఇంట్లో ఉంటుంది కదా అని దాన్ని కారుకు లాగేవాళ్ళున్నారు. అది ఈ కరెంటుకు చాలదు. పైగా మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడికి చేసింది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా.

వైరుతో పాటు కావలసినవి: మూత ఉన్న ఫ్యూజు హోల్డరు, సరైన ఫ్యూజు, వైరు సైజుకు తగ్గ రింగు లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు రింగులు), వాటిని నొక్కే క్రింపింగ్ టూలు, వేడికి ముడుచుకునే స్లీవు, ముడతల పైపు, రబ్బరు గ్రామెట్లు (రేకు రంధ్రం అంచుకు తొడిగే రింగులు), కేబుల్ టైలు, మల్టీమీటరు, 10 మిల్లీమీటర్ల స్పానరు. లగ్గును కటింగ్ ప్లేయరుతో నొక్కి సరిపెట్టుకోవద్దు. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా గుంజి చూడండి. ఊడి చేతికి వస్తే అప్పుడే రావడం మంచిది.

స్పానరు పట్టే ముందు

బండి చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసేయండి. చేతికి కడియం, వేలికి ఉంగరం, లోహపు పట్టీ వాచీ ఉంటే తీసి పక్కన పెట్టండి. పాజిటివ్‌కూ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే అది ఎర్రగా కాలుతుంది, వేలి నుంచి తీసే లోపే చర్మం పోతుంది.

బ్యాటరీ తీసే ముందు డిక్కీ తెరిచి పెట్టండి. ఇప్పుడొస్తున్న చాలా కార్ల డిక్కీ కరెంటు మీదే తెరుచుకుంటుంది. బ్యాటరీ ఊడదీశాక సామాన్లు డిక్కీలో ఉండిపోయాయని గుర్తొస్తే వెనక సీటు పడగొట్టి పాక్కుంటూ వెళ్ళాలి. తాళంచెవి కారు లోపల వదిలి తలుపులు వేయడం కూడా వద్దు. స్టీరియోకు కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి.

తాళంచెవి తీశాక ఓ ఐదు పది నిమిషాలు ఆగితే లోపలి కంప్యూటర్లు నిద్రలోకి పోతాయి. అప్పుడు నెగటివ్ తీయండి. ముందు నెగటివే, ఎప్పుడూ నెగటివే. కారు బాడీ అంతా నెగటివే కాబట్టి, నెగటివ్ నట్టు విప్పుతూ స్పానరు పక్కనున్న ఇనుముకు తగిలినా ఏమీ కాదు. అదే పాజిటివ్ ముందు విప్పుతూ స్పానరు బాడీకి తగిలిందా, షార్టు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు చేరి ఉంటే ఆ నిప్పురవ్వ చాలు పేలడానికి. నెగటివ్ ఊడాక ఆ క్లాంపు మళ్ళీ వెనక్కి వాలి పోలును తాకకుండా ఒక గుడ్డ చుట్టి పక్కకు కట్టేయండి.

కొన్ని కార్లలో, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లలో, నెగటివ్ క్లాంపు మీద చిన్న నల్లటి సెన్సార్ ఉంటుంది. దాన్ని సుత్తితోనో స్క్రూడ్రైవరుతోనో కదపొద్దు. ఆంప్ ఎర్త్ వైరును బ్యాటరీ నెగటివ్ పోలుకే నేరుగా ఇవ్వొద్దు, ఆ సెన్సార్ లెక్క తప్పుతుంది. సెన్సార్ దాటాక బాడీ మీద ఇవ్వాలి.

ఎర్ర వైరు, దాని ఫ్యూజు

ఈ ఒక్క భాగం శ్రద్ధగా చదివితే చాలు. షాపుల్లో జరిగే సంభాషణ ఇట్లా ఉంటుంది:

"అన్నా, ఫ్యూజు యాడ పెట్టినావు?"

"ఆంప్‌లోనే ఉండాది కదా సామీ, మళ్ళీ ఇంకోటి ఎందుకు?"

ఆంప్‌లో ఉన్న ఫ్యూజు ఆంప్ కోసం. అది వైరుకు ఆ చివర ఉంది. బ్యాటరీకీ దానికీ మధ్య ఐదు మీటర్ల వైరు ఉంది. ఆ ఐదు మీటర్లలో ఎక్కడ షార్టయినా ఆ ఫ్యూజు దాకా కరెంటు వెళ్ళదు, కాబట్టి అది ఎగరదు. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజు పని వైరును కాపాడటం. దాన్ని బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు పొడవు లెక్కన 45 సెంటీమీటర్ల లోపు పెట్టాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే ఆ కాస్త ముక్కకు మాత్రం ఏ కాపలా లేదు.

ఎంత ఫ్యూజు? ఆంప్ వెనక ఉన్న ఫ్యూజుల మొత్తం ఎంతో అంత. కానీ వైరు మోయగలిగిన దాన్ని మించకూడదు. రాగి 8 గేజ్‌కు 50 ఆంపియర్లు, 4 గేజ్‌కు 100 ఆంపియర్ల దగ్గర గీత గీసుకోండి. ఫ్యూజు పదే పదే ఎగురుతోందని పెద్దది వేస్తే, ఈసారి కాలేది వైరు. ఫ్యూజు చోట అల్యూమినియం రేకు, తీగ ముక్క చుట్టేవాళ్ళకు ఇక చెప్పేదేం లేదు.

వైరు లాగేటప్పుడు ఫ్యూజు హోల్డరులో పెట్టకుండా ఖాళీగా ఉంచండి. ఫ్యూజు వేయడం అన్నిటికన్నా చివరి పని.

ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడలో కంపెనీ వైర్లు వెళ్ళే రబ్బరు గ్రామెట్ ఉంటుంది. దాంట్లోంచే పంపండి. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే అవతల ఏముందో చూశాకే డ్రిల్లు పెట్టండి. రంధ్రం అంచు ఎమెరీ పేపరుతో నున్నగా చేసి, పెయింటు పూసి, రబ్బరు గ్రామెట్ తొడగాలి. ఒట్టి రేకు అంచు మీద వైరు ఆనితే, గతుకుల రోడ్డు మీద ఆ అంచు వైరును రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. ఎగ్జాస్ట్ పైపుకు, ఫ్యాను బెల్టుకు, స్టీరింగ్ రాడ్డుకు, పెడళ్ళకు దూరంగా తీసుకెళ్ళి ముడతల పైపు తొడిగి, అరచెయ్యి దూరానికో టై కట్టండి. రాత్రిపూట బయట నిలిపే కార్లలో ఎలుకలు చేరి వైర్లు కొరకడం మన ఊళ్ళలో కొత్త కాదు. ముడతల పైపు దానికి కూడా కొంత అడ్డు.

లోపల డోరు గడప ప్లాస్టిక్ పట్టీ కింద వైరు వెనక్కి వెళ్తుంది. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు, పసుపు టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ఊడదీయొద్దు, మల్టీమీటరు పెట్టొద్దు, మన వైరును వాటికి కట్టొద్దు. సీటు జరిగే పట్టాల కింద వైరు పడకుండా చూసుకోండి, సీటు ముందుకు వెనక్కి పూర్తిగా జరిపి మరీ చూడండి.

బాడీ ఎర్త్

సౌండులో గుయ్యిమని మోత, ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత, ఆంప్ మధ్యమధ్యలో ఆగిపోవడం, వీటిలో చాలావాటికి మూలం ఎర్త్ సరిగ్గా లేకపోవడమే. ఆంప్ దగ్గరే, 45 సెంటీమీటర్లు దాటకుండా, మందమైన రేకు మీద చోటు వెతకండి. ఎర్త్ వైరు మందం ఎర్ర వైరు మందంతో సమానంగా ఉండాలి, వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాల్సింది దాంట్లోంచే.

సీటు బెల్టు బోల్టు చేతికందేలా ఉందని దానికి బిగించేస్తుంటారు. వద్దు. అది ప్రాణం కాపాడే బోల్టు, దాని బిగింపు మార్చకూడదు. పైగా దాని మీద పూసిన జిగురు, పెయింటు కరెంటును సరిగ్గా పోనివ్వవు.

ఎంచుకున్న చోట రూపాయి బిళ్ళంత మేర ఎమెరీ పేపరుతో రుద్దండి. మొదట కారు రంగు పోతుంది, తర్వాత బూడిద రంగు ప్రైమరు వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ప్రైమరు కూడా పోయి తెల్లటి ఇనుము తళుక్కుమనే దాకా రుద్దాలి. రింగు లగ్గు రేకుకు ఆనించి, మీద పళ్ళున్న వాషరు వేసి, బోల్టు బిగించండి. చేత్తో లగ్గును పక్కకు తిప్పి చూస్తే కదలకూడదు. రంధ్రం వేస్తే కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు లేవని కారు కిందికి వంగి చూశాకే. బిగించాక పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూస్తే తుప్పు పట్టదు. మల్టీమీటరుతో ఎర్త్ వైరు చివరకూ ఊడదీసిన నెగటివ్ క్లాంపుకూ మధ్య చూస్తే అర ఓమ్ కన్నా తక్కువ రావాలి.

ఆంప్ ఎక్కడ పెట్టాలి

డిక్కీలో, వెనక సీటు వీపుకు బిగించిన చెక్క మీద పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. డిక్కీ నేల మీద పెడితే, వారాంతంలో తిరుమల కొండకు వెళ్ళేటప్పుడు సంచులు, దుప్పట్లు, నీళ్ళ సీసాలు అన్నీ దాని మీదే పడతాయి. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఆంప్ దానంతటదే ఆగిపోతుంది. నీళ్ళ సీసా మూత వదులైతే ఇంకా చెడ్డది. మామిడి సీజన్‌లో తోట నుంచి పెట్టెలు తెచ్చుకునే చిత్తూరు వైపు వాళ్ళ డిక్కీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆంప్ చుట్టూ కనీసం మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి. వూఫర్ బాక్సు మీదే ఆంప్ బిగిస్తే ఆ అదురుకు లోపలి టంకాలు వదులవుతాయి.

వూఫర్ బాక్సును కూడా బెల్టుతోనో ఎల్ క్లాంపులతోనో బండికి బిగించాలి. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులో. ఆ మలుపుల్లో వదులుగా ఉన్న బాక్సు అటూ ఇటూ జారి ఆంప్ టెర్మినళ్ళను గుద్దుతుంది. అలిపిరి దగ్గర తనిఖీలో డిక్కీ తెరిచినప్పుడు వేలాడే వైర్లు, టేపు చుట్టిన ముడులు కనబడితే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది కూడా మీరే.

ఆంప్‌కు కనెక్షన్లు

వరస ఇది: ముందు ఎర్త్, తర్వాత ఎర్ర వైరు, తర్వాత రిమోట్, స్పీకర్లు, చివర ఆర్‌సీఏ (స్టీరియో నుంచి ఆంప్‌కు పాట సిగ్నల్ తెచ్చే వైరు).

రిమోట్ వైరు సన్నది. స్టీరియో ఆన్ అయినప్పుడు ఆంప్‌ను లేపడమే దాని పని. బయట కొని పెట్టించిన స్టీరియో అయితే నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు. అది ఇచ్చే కరెంటు చాలా తక్కువ కాబట్టి కూలింగ్ ఫ్యాన్లు, ఎల్‌ఈడీ పట్టీలు దాని మీద వేయొద్దు. కంపెనీ స్టీరియోకు ఈ వైరు ఉండదు. అప్పుడు స్పీకరు వైరు సిగ్నల్ చూసి తనంతట తాను ఆన్ అయ్యే ఆంప్ తీసుకోవచ్చు, లేదంటే తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి, ఫ్యూజు ట్యాప్ పెట్టి తీసుకోవచ్చు. రిమోట్‌ను నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు కలిపేస్తే ఆంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, రెండు మూడు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ ఖాళీ.

కంపెనీ వైర్లను కత్తిరించి ముడి వేయడం కన్నా ఆ కారుకు సరిపోయే కప్లర్ హార్నెస్ (ప్లగ్గులున్న వైర్ల కట్ట) కొనడం మేలు. వారంటీ ఉన్న కారైతే కత్తిరించిన వైరు సర్వీసు సెంటర్‌లో గొడవకు మొదలు.

ఆర్‌సీఏ వైర్లు ఎర్ర వైరు వెళ్ళిన వైపు కాకుండా రెండో వైపు నుంచి తీసుకెళ్ళండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పోనివ్వకండి.

స్పీకర్ల దగ్గర చూడాల్సింది ఓమ్‌లు, అంటే స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. రెండు 4 ఓమ్ స్పీకర్లు సమాంతరంగా కలిపితే 2 ఓమ్, వరసగా కలిపితే 8 ఓమ్. రెండు చానళ్ళు కలిపి బ్రిడ్జ్ చేసినప్పుడు చాలా ఆంపులు 4 ఓమ్ కన్నా తక్కువ తట్టుకోలేవు. ఆంప్ కాగితంలో రాసిన కనిష్ఠం కన్నా కిందికి పోవద్దు. స్పీకరు వైరు పోగు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌ను గానీ ఆంప్ డొక్కును గానీ తాకకూడదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ను ఆంప్ ఎంత పెంచాలో పెట్టే మర) పూర్తిగా తగ్గించండి, బేస్ బూస్ట్ సున్నా. బ్యాటరీ పాజిటివ్‌కు ఎర్ర వైరు లగ్గు బిగించి, మూత వేసి, తర్వాత నెగటివ్ క్లాంపు బిగించండి. అంతా అయ్యాక హోల్డరులో ఫ్యూజు. ఫ్యూజు పెట్టగానే చిన్న చిటుక్కుమనే మెరుపు వస్తే భయపడొద్దు, ఆంప్‌లోని కెపాసిటర్లు నిండుతున్నాయి. పెద్ద మెరుపు వచ్చినా, ఫ్యూజు ఎగిరినా నెగటివ్ తీసి వైరు మొత్తం మళ్ళీ చూడండి. ఇంకో ఫ్యూజు వేసి చూద్దాం అనుకోవద్దు.

స్టీరియో ఆపి ఉన్నప్పుడు ఆంప్ రిమోట్ టెర్మినల్ దగ్గర 0 వోల్టులు, ఆన్ చేస్తే 12 దాకా రావాలి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆంప్ పాజిటివ్, ఎర్త్‌ల మధ్య 13.5 నుంచి 14.4. గట్టిగా మోగుతున్నప్పుడు ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కూ పక్కనే రుద్దిన రేకుకూ మధ్య 0.1 వోల్టు కన్నా ఎక్కువ వస్తే ఎర్త్ మళ్ళీ చేయాలి. మల్టీమీటరు ఆంపియర్ల మీద ఉంచి బ్యాటరీ రెండు పోళ్ళకూ పెట్టడం మాత్రం పొరపాటున కూడా చేయొద్దు, అది నేరుగా షార్టే.

గెయిన్ చెవితో కాకుండా మీటరుతో పెట్టండి. స్పీకరు వైర్లు ఊడదీసి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దాకా పెంచి, పూర్తి స్థాయిలో రికార్డయిన 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. వూఫర్‌కైతే 50 హెర్ట్జ్. స్పీకరు టెర్మినళ్ళ మధ్య ఏసీ వోల్టులు చూస్తూ గెయిన్ పెంచాలి. ఎంత దాకా? వాట్లను ఓమ్‌లతో హెచ్చవేసి వర్గమూలం తీయండి. 50 వాట్లు, 4 ఓమ్ అయితే 14.1 వోల్టులు. 300 వాట్లు, 2 ఓమ్ అయితే 24.5. అక్కడ ఆపండి. టోన్ ఆపి, ఫ్యూజు తీసి, స్పీకర్లు మళ్ళీ కలపండి. వూఫర్‌కు కింది శబ్దాలనే పంపే లో పాస్, డోరు స్పీకర్లకు పై శబ్దాలనే పంపే హై పాస్ రెండూ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు మార్చుకోవచ్చు.

మొదటి అరగంట నడిపాక బండి ఆపి ఫ్యూజు హోల్డరు, ఎర్త్ లగ్గు, ఆంప్ టెర్మినళ్ళు వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న చోట బిగింపు వదులుగా ఉంది.

తీసేటప్పుడు

సర్వీసుకు ఇవ్వాలి, ఆంప్ రిపేరుకు తీయాలి, కారు అమ్మాలి. కారణం ఏదైనా, స్టీరియో ఆపడంతో మొదలుపెట్టండి. మోగుతుండగా ఆర్‌సీఏ లాగితే వచ్చే ధడ్ మన్న శబ్దానికే వూఫర్ కాయిలు దెబ్బతినవచ్చు. తాళంచెవి తీసి, డిక్కీ తెరిచి, నెగటివ్ క్లాంపు తీసి, ఎర్ర వైరు ఫ్యూజు తీసేయండి. ఫ్యూజు జేబులో వేసుకోండి, మీరు డిక్కీలో ఉండగా ఇంకెవరో బానెట్ దగ్గర పెట్టేయకుండా. ఐదు నిమిషాలు ఆగితే ఆంప్ లోపలి కెపాసిటర్లు దిగిపోతాయి.

విడిగా 1 ఫారడ్ కెపాసిటర్ పెట్టి ఉంటే అది ఊరికే దిగిపోదు. 14 వోల్టుల దగ్గర దాంట్లో దాదాపు 98 జౌళ్ళ శక్తి నిలవ ఉంటుంది, స్క్రూడ్రైవరు అడ్డం పెడితే మొన కరిగేంత. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కలిపి దాని రెండు పోళ్ళకూ పట్టండి. బల్బు వెలిగి, మెల్లగా మందగించి ఆరిపోతుంది. మీటరుతో సున్నా అని చూశాకే చెయ్యి పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు కూడా అదే బల్బును ఎర్ర వైరుకూ కెపాసిటర్ పాజిటివ్‌కూ మధ్య వరసలో పెట్టి నింపాలి.

ఆంప్ దగ్గర ముందు ఆర్‌సీఏ, తర్వాత స్పీకర్లు, రిమోట్, ఎర్ర వైరు. ఎర్త్ అన్నిటికన్నా చివర. బ్యాటరీ తీసే ఉంది కదా, వరస ఎందుకు అనిపించవచ్చు. అలవాటు కోసం. కరెంటు ఉండగా ఎర్త్ ముందు ఊడితే, ఆంప్ లాగే కరెంటు తిరిగి వెళ్ళడానికి ఆర్‌సీఏ పైతొడుగు ఒక్కటే దారి. ఆ కరెంటు స్టీరియో లోపలి సర్క్యూట్ బోర్డు మీది సన్నటి రాగి గీతను కాల్చేస్తుంది. ఆ తర్వాత ఆంప్ మార్చినా, వైర్లు మార్చినా ఆ స్టీరియోలో కూత పోదు. ఎర్త్ బోల్టు వదులైనప్పుడు జరిగేది కూడా ఇదే.

ఏ స్పీకరు వైరు ఎక్కడిదో విప్పకముందే ఫోన్‌తో ఫొటో తీసి, ఒక్కోదానికి టేపు ముక్క అంటించి రాయండి. మళ్ళీ బ్యాటరీ బిగించాక గడియారం, డ్రైవరు వైపు కిటికీ అద్దం దానంతటదే ఎక్కి దిగే ఆటో మళ్ళీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

వాన నీళ్ళు చేరిన కారు

2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి వీధుల్లో ఎన్ని కార్లు నీళ్ళలో నిలబడ్డాయో చూశాం. సీటు కింద ఆంప్ ఉన్న కారైతే కార్పెట్ తడిసిందంటే అది మునిగినట్టే. తాళం తిప్పి "పని చేస్తుందా" అని చూడొద్దు. నీళ్ళు పూర్తిగా దిగాక నెగటివ్ తీయండి, ఫ్యూజు తీయండి, ఆంప్ బయటికి తీసి షాపులో విప్పించి కడిగించి ఆరబెట్టించండి. ఎండలో పెడితే పైన ఆరుతుంది, చిప్పుల కింద బురద అట్లాగే ఉంటుంది. ఎర్త్ లగ్గులూ ఫ్యూజు హోల్డరూ చిలుం పట్టి ఆకుపచ్చగా మారి ఉంటే అవి మార్చేయడమే.

ఆంప్ తీశాక మిగిలిపోయే వైరు

పాత కారు కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి. ముందు ఓనరు ఆంప్ తీసుకుని, ఎర్ర వైరును డిక్కీలో వదిలేసి, చివర టేపు చుట్టేసి ఉంటాడు. మన ఎండలకు ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. బ్యాటరీ వైపు ఇంకా కలిపే ఉంది కాబట్టి, జాకీ పక్కన పడి ఉన్న ఆ చివరలో 12 వోల్టులు ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి. బానెట్ ఎత్తి పాజిటివ్ క్లాంపుకు అదనంగా లావు వైరేమైనా ఉందేమో చూడండి. ఉంటే ముందు నెగటివ్ తీసి, ఆ వైరు లగ్గును బ్యాటరీ దగ్గరే విప్పేయండి. వైరు మొత్తం బయటికి లాగే ఓపిక లేకపోతే రెండు చివరలకూ స్లీవు తొడిగి వేడి చేసి మూసి, బ్యాటరీకి అందనంత దూరంలో కట్టేయండి. రేకు గోడలో అది వెళ్ళిన రంధ్రం ఖాళీ అయితే గ్రామెట్ పెట్టి మూయండి, లేదంటే వానకాలంలో కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది.